రెండు మంచాల మధ్య సందు

జనవరి. లుబ్లిన్‌లో కిటికీ అద్దం మీద మంచు,
వంటింటి బల్ల మీద ప్రపంచ పటం.
లుదోమిర్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
ఎర్ర పెన్సిలు చెక్కుతున్నాడు.
రిటైరైన భూగోళం మాస్టారు,
దేశాల్ని కొట్టేయాలంటే చెయ్యి రాదు.

"ఇక్కడ సముద్రం బాగుంటుంది."
"జైలు కూడా ఉంటుంది."
"ఇక్కడ?"
"చట్టం వచ్చింది. వీధికింకా కబురందలేదు."
"మరి ఇక్కడ? పెళ్ళే చేసుకోవచ్చట."
"అద్దె చూశావా? మనిద్దరి పింఛనూ
వాళ్ళ దుప్పటికి కూడా చాలదు."

ఇంత లావు భూమి
మా వారం రోజుల దగ్గరికి వచ్చేసరికి
అరచేయంత అయింది.
అందులో ఒక దీవి, గోజో,
పెన్సిలు మొన ఆనిస్తే కనబడకుండా పోయేంత.

ఉత్తరాలు రాయడం మొదట్నుంచీ నా వంతు.
గది కావాలి, ఇద్దరికి, మే రెండో వారం.
ఇంతవరకూ చేయి తిరిగినదే.
తర్వాతి వాక్యం దగ్గర టీ చల్లారిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్ళు
ప్రతి హోటలు రిజిస్టరులోనూ మేం అన్నదమ్ముల బిడ్డలం.
క్రాకోవ్‌లో, జకోపానే కొండల్లో,
బాల్టిక్ ఒడ్డున గంధకం వాసనేసే ఆ విశ్రాంతి గృహంలో
రెండు మంచాల గదే అడిగేవాళ్ళం.
పొద్దుపోయాక
మంచం కోళ్ళకి నా ఉన్ని మేజోళ్ళు తొడిగి
చెరో పక్కా ఎత్తి జరిపేవాళ్ళం,
పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో లాగా.
తెల్లవారకముందే మళ్ళీ విడదీసేవాళ్ళం.
రెండు పరుపుల మధ్య సందులోకి
ఎప్పుడూ ఎవరిదో మోచేయి జారేది.
ఒకసారి కళ్ళజోడు.
ఒకసారి, మా అమ్మ పోయిందని ఫోనొచ్చిన రాత్రి,
నేను మొత్తం.

"ఒకే మంచం" అని రాశాను. కొట్టేశాను.
"ఏదైనా ఫర్వాలేదు" అని రాశాను.
"పిరికిగొడ్డూ" అన్నాడు లుదోమిర్
భుజం మీంచి చదువుతూ, ముద్దుగానే.
చివరికి తనే ఒంటి వేలితో కొట్టాడు:
*ఒకే మంచం. ఇద్దరం మగవాళ్ళం, ముసలివాళ్ళం.
మీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి.
విప్పిన పెట్టె మళ్ళీ సర్దే ఓపిక మాకు లేదు.*

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు.
ఐదో రోజు జూజా అనే ఆవిడ రాసింది:
*మంచం ఉంది. అక్రోటు చెక్క.
మా నానమ్మ దాని మీదే తొమ్మిదిమందిని కన్నది.
కీచుమంటుంది, ముందే చెప్తున్నా.
మెట్లు ఇరవై రెండు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?
గురక ఎవరిది? పక్క గది మా అమ్మది, నిద్ర తక్కువ.
గుడ్లు ఉడకబెట్టనా, వేపనా?*

మేం అడిగినదానికి జవాబు
మోకాళ్ళకీ గుడ్లకీ మధ్య ఎక్కడో ఉంది.
రెండుసార్లు వెతికాం.
లుదోమిర్ ముఖం కడుక్కొస్తానని వెళ్ళాడు.
చాలాసేపు కుళాయి పారుతూనే ఉంది.

పడవ దిగితే ఎండ. తేనె రంగు రాళ్ళ ఇళ్ళు.
చర్చి మెట్ల మీద చిక్కుళ్ళు ఒలుస్తున్న ఆడవాళ్ళు
మమ్మల్ని చూశారు,
మళ్ళీ చిక్కుళ్ళను చూసుకున్నారు.
మలుపులో ఒక కుర్రాడు మాత్రం ఏదో అన్నాడు.
జూజా వాళ్ళ భాషలో ఏదో అంది.
ఏమందో మాకు చెప్పలేదు,
వాడే వచ్చి మా పెట్టె మోశాడు
ఇరవై రెండు మెట్లూ.

రాత్రి అంత వెడల్పు మంచం మీద
చెరో అంచునా పడుకున్నాం,
లేని సందుకి కాపలా కాస్తూ.

తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే
చీకట్లో లుదోమిర్, ఉత్త కాళ్ళతో,
వంగి మంచం కోడు తడుముతున్నాడు.
"ఇది ఒకటే" అన్నాను.
అలాగే వంగి ఉండిపోయాడు కాసేపు.
తర్వాత ఎక్కాడు. కీచుమంది,
ఆవిడ చెప్పినంతా.

గోడవతల ముసలమ్మ దగ్గింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ఆవిడ అటు తిరిగి పడుకుంది.